కింది వరుసలో ఎడమ చివరాయన

మొన్న ఆదివారం ఇంగ్లండులో, రీడింగ్ అనే ఊళ్ళో ఒక స్నేహితురాలి గృహప్రవేశానికి వెళ్ళాను. పాలు పొంగాయి. పిల్లలు కొత్త మెట్లు ఎక్కుతూ దిగుతూ కేకలు పెడుతున్నారు. వంటింట్లో ఎవరో స్మోక్ అలారం కింద నిలబడి తువ్వాలు ఊపుతున్నారు. హాల్లో స్నేహితురాలి అత్తగారు చిన్న గిన్నెలో కుంకుమ తడిపి, గోడకు ఆనించిన తన మామగారి ఫోటోకు బొట్టు పెట్టబోతున్నారు. ఎక్కడో గుమ్మం దగ్గర ఉన్నదాన్ని, ఒక్క ఉదుటున వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

“ఆంటీ, దానికి అద్దం ఉందా?”

“ఉందమ్మా. ఏం?”

వేలితో తట్టి చూశాను. ఉంది. చెయ్యి వదిలేశాను. అందరూ నా వంక అదోలా చూశారు. స్నేహితురాలు నవ్వేసి, “దీనికి మొదట్నుంచీ చాదస్తమేలే” అంది. చాదస్తం కాదు. ఇక్కడికి దగ్గర్లోనే స్లౌ అనే ఊళ్ళో పాతికేళ్ళ కిందట ఒకటి జరిగింది. దాన్ని ఇంతవరకూ ఎవరికీ మొదటినుంచి చివరిదాకా చెప్పలేదు. చెబితే ఏడుస్తానన్న భయం కూడా లేదు. అప్పుడే రాని ఏడుపు ఇప్పుడేం వస్తుంది?

అప్పుడు నాకు పదేళ్ళు. గుంటూరు నుంచి వచ్చి రెండేళ్ళయింది. ట్రేడింగ్ ఎస్టేట్ అనే ఫ్యాక్టరీల పేట వెనక వీధిలో రెండంతస్తుల ఇటుక ఇల్లు. పై ఫ్లాట్ మాది, కింది ఫ్లాట్ నేను ఆంటీ అని పిలిచే ముసలావిడది. నాన్న రోజూ రైల్లో రీడింగ్ వెళ్ళి కంప్యూటర్లకు ఏదో మరమ్మతు చేసేవారు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ బుర్ర తిరిగి ఆగిపోతాయని దొరలు భయపడుతున్నారట. ఆ భయం పుణ్యమా అని మా ఇంట్లో పొయ్యి వెలిగేది. అమ్మ సూపర్‌మార్కెట్‌లో పనిచేసేది. ఆవిడ రోటా, అంటే షిఫ్టుల పట్టిక, ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉండేది. మా భోజనాలూ నిద్రలూ అన్నీ దాని ప్రకారమే. బడి మూడున్నరకు వదిలితే, ఆరింటికి అమ్మ వచ్చేదాకా నేను కింద ఆంటీ దగ్గర ఉండాలి.

ఆంటీ అంటే మనవాళ్ళ ఆంటీ కాదు. స్కాట్లండు మనిషి. డెబ్బై అయిదు దాటింది, పెళ్ళి చేసుకోలేదు. మనకు అలవాటు కదా, పెద్దవాళ్ళు ఎవరైనా ఆంటీనే. మొదట్లో ఆవిడ, “నేను మీ అమ్మకు అక్కనా, చెల్లెల్నా?” అని నిలదీసింది. నాలుగు రోజులకు ఆ పిలుపు ఆవిడకే ముద్దొచ్చింది. నన్ను ‘హెన్’ అనేది. వాళ్ళ ఊళ్ళో ఆడపిల్లల్ని అలాగే పిలుస్తారట. ఆ యేడు ఆరునెలల వీసా మీద మా అమ్మమ్మ వచ్చింది. తాతయ్య చలికి రానని గుంటూరులోనే ఉండిపోయారు. అమ్మమ్మకు ఆ మాటకు అర్థం చెబితే పడీ పడీ నవ్వింది.

“కోడిపెట్టంటదా నిన్ను? పోనీలే, గుడ్లు పెట్టమనలా!”

ఆంటీ ఇంట్లో అడుగుపెడితే తారు వాసన వేసే సబ్బు, మరిగి మరిగి నల్లబడ్డ టీ, వెన్నలో మగ్గుతున్న ఉల్లిపాయలు. టాబ్లెట్ అని ఒక మిఠాయి చేసేది. పాలు, పంచదార, వెన్న గట్టిపడేదాకా కలిపి పళ్ళెంలో పోసి బిళ్ళలుగా కోస్తుంది. మన పాలకోవాయే, కాకపోతే పళ్ళు జివ్వుమనేంత తీపి. ఎర్రపప్పుతో సూప్ కాచేది. దాంట్లో పంది ఎముక ఉడుకుతుందని నాకు తెలుసు. ఇంట్లో చెబితే కొంప మునుగుతుంది కాబట్టి చెప్పకుండా రెండు గిన్నెలు లాగించేదాన్ని. అడిగితే కదా అబద్ధం చెప్పాల్సింది, వాళ్ళు అడగలేదు.

అమ్మమ్మ వచ్చాక మధ్యాహ్నాలు ఆవిడా కిందికి దిగేది. చీర మీద నాన్న స్వెట్టరు, కాళ్ళకు మేజోళ్ళు, వాటి మీద హవాయి చెప్పులు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లీషులో ఎవరి మానాన వాళ్ళు మాట్లాడుకుంటూ బఠాణీలు ఒలిచేవారు. అమ్మమ్మ గోంగూర పచ్చడి ఇస్తే ఆంటీ దాన్ని రొట్టె ముక్క మీద రాసుకుని తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇంకాస్త వెయ్యమంది. ఆ రోజు నుంచి అమ్మమ్మకు ఆవిడంటే ప్రాణం.

ఆంటీకి చూపు పోతోంది. మధ్యలో పోయి, అంచుల్లో మిగిలింది. కెటిల్ ఎక్కడుందో కనిపిస్తుంది, గుమ్మం కనిపిస్తుంది. నేను ఎదురుగా నిలబడితే నా జడ చివర్లూ బూట్లూ కనిపించేవట, మొహం మాత్రం మసక. డాక్టరు ఇంక చేసేదేమీ లేదన్నాడు. అందుకని అక్కడ నాకో పని ఉండేది. టీ అయ్యాక బల్ల మీది ఫోటో తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ బదులు చూసి చెప్పడం.

అట్టకు అతికించిన పాత ఫోటో అది, టీ రంగుకు తిరిగింది. ఒక ఫుట్‌బాల్ జట్టు. వెనక నిలబడ్డవాళ్ళు, ముందు బెంచీ మీద అయిదుగురు, వాళ్ళ కాళ్ళ దగ్గర తాళ్ళు కట్టిన తోలు బంతి. ఒక్కో మొహం శనగగింజంత ఉంటుంది. కింది వరుసలో మనకు ఎడమ చివర కూర్చున్నాయన ఆంటీ వాళ్ళ నాన్న.

“ఎలా ఉన్నాడు, హెన్?”

“కోపంగా ఉన్నాడు ఆంటీ. కనుబొమలు ముడేసుకున్నాడు.”

“ఇంకా తగ్గలేదూ?”

“తగ్గలేదు.”

“అదీ మా నాన్నంటే,” అని కుర్చీలో వెనక్కి వాలేది. రోజూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. నేను చెబితేనే ఆవిడకు వాళ్ళ నాన్న కనిపించేది. అదెంత పెద్ద పనో నాకు తెలియదు. టాబ్లెట్ ముక్క వస్తుందని చేసేదాన్ని.

ఆయన సంగతులు ఆవిడ బఠాణీలు ఒలుస్తూ ముక్కలు ముక్కలుగా చెప్పింది. వాళ్ళది బొగ్గుగనుల పల్లె. పదమూడో యేట గనిలో దిగాడు. పొట్టివాడు, కానీ ఎడమకాలు మహా గడుసుది. షిఫ్టు దిగి, మొహమైనా సరిగా కడుక్కోకుండా వెళ్ళి ఆడేవాడట. ఒకనాడు ఇంగ్లండు నుంచి పెద్ద జట్టు తాలూకు మనిషొచ్చి చూసి రమ్మన్నాడు. బూట్లు కాగితంలో చుట్టి చంకలో పెట్టుకుని రైలెక్కాడు. మైదానంలో ఎడమ అంచున పరిగెత్తడం ఆయన పని. నాలుగేళ్ళు పరిగెత్తాడు. ఒకసారి స్కాట్లండు దేశపు జట్టుకే పిలుపొచ్చింది, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆడటానికి.

“ఎవడికో ఒకడికి జ్వరం రావాలని రాత్రంతా దేవుడికి మొక్కాడట మా నాన్న. తెల్లారేసరికి పదకొండుమందీ గుర్రాల్లా లేచి కూర్చున్నారు!” అని ఆంటీ నవ్వేది. “ఆ పాపానికే ఆయన మోకాలు పోయిందని మా అమ్మ అనేది.”

మోకాలు మొదటి యుద్ధంలో పోయింది. కుంటుకుంటూ తిరిగొచ్చాడు. గనుల్లో పనిలేక, పెళ్ళాన్నీ పిల్లనీ వెంటేసుకుని స్లౌ వచ్చి, మా ఇంటి వెనక ఎస్టేట్‌లోనే ఒక ఫ్యాక్టరీలో చేరి అక్కడే ముసలివాడయ్యాడు. ఇంట్లో ఫుట్‌బాల్ మాట ఎత్తనిచ్చేవాడు కాదట. ఆయన పాత జెర్సీతో ఆంటీ వాళ్ళమ్మ పీలికలయ్యేదాకా కిటికీ అద్దాలు తుడిచింది. పెళ్ళిఫోటోలో టోపీ నీడ పడి మొహం సగమే తెలుస్తుంది. ఆ తర్వాత కెమెరా చూస్తే చాలు, పక్కకు తప్పుకునేవాడు. ఆయన మొహం నిండుగా మిగిలింది ఆ అట్ట మీద ఒక్కచోటే.

ఆ ఫోటోలో ఒక తమాషా ఉందని కూడా చెప్పింది. ముందు వరుసలో అయిదుగురూ మైదానంలో ఎవరి చోటు ఏదో ఆ ప్రకారమే కూర్చోవాలి. వాళ్ళు మనవైపు తిరిగి ఉంటారు కాబట్టి ఎడమ అంచున ఆడేవాడు ఫోటోలో మనకు కుడి చివర వస్తాడు. ఆ రోజు ఈయనా, కుడి అంచున ఆడే స్నేహితుడూ సరదాకి చోట్లు మార్చుకున్నారు. ఫోటో తీసేవాడు కనిపెట్టలేదు. ఆ స్నేహితుడు అందుకే నవ్వు ఆపుకోలేకపోయాడట. ఆ సంగతి ఆంటీకి తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

సెప్టెంబరులో ఒకనాడు ఫోన్ వచ్చింది. ఆ జట్టు చరిత్ర పుస్తకంగా రాస్తున్న పెద్దమనిషి ఒకాయన, ఎలా ఆరా తీశాడో, ఆంటీని పట్టుకున్నాడు. ఆ యేటి ఫోటో వాళ్ళ దగ్గర లేదట. మరో మూడు వారాల్లో శనివారం నాడు వచ్చి కాపీ తీసుకుంటానన్నాడు. ఆంటీ ఫోన్ పెట్టేసి చాలాసేపు దాని మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

“మా నాన్న పుస్తకంలో పడతాడు, హెన్. బతికినన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు అందరూ చూస్తారు.”

ఆ సంతోషంలో నాకు బంతి ఆపడం నేర్పింది. మేజోళ్ళు ఉండ చుట్టి, కాలి లోపలి వైపుతో ఎలా ఆపాలో కుర్చీలో కూర్చునే తన పాదంతో చూపించింది. “కాలు మెత్తగా పెట్టాలి. గుడ్డు పట్టుకున్నట్టు.” ఆపడం నాకు వచ్చింది. ఆపి ఊరుకుంటే బాగుండేది. మర్నాడు ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు నడవా చివరినుంచి ఒక్క తన్ను తన్నాను. మేజోళ్ళ ఉండ వెళ్ళి ఫోటోకు తగిలింది, ఫ్రేము కిందపడి అద్దం పగిలింది.

ఆవిడ తిట్టలేదు. “గాజు గుచ్చుకుందా?” అని నా వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసింది. నేను కొత్త ఫ్రేము నాన్న తెస్తారని చెప్పి, ఫోటోను ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకుని పైకి తెచ్చాను.

ఆ వారంలోనే మహాలయ అమావాస్య వచ్చింది. పెద్దల్ని తలుచుకునే రోజు. అమ్మ పొద్దున షిఫ్టు, నాన్న రీడింగ్. బడికి ఏదో సెలవు, ఇంట్లో నేనూ అమ్మమ్మా. ఆవిడ తలస్నానం చేసి, గారెలు వండి, నాన్న వాళ్ళ నాన్న ఫోటోను తుడిచి, గంధం రాసి కుంకుమ బొట్టు పెట్టింది. పూలు దొరక్క, కిటికీలో కుండీలోని రెండు పూలు తెంపి పెట్టింది. అప్పుడు బల్ల మీద ఫోల్డర్ చూసింది.

“దొరసాని వాళ్ళ నాన్న ఇందులోనే ఉన్నాడుగా? ఆమెకా అన్నదమ్ముల్లేరు, పిల్లల్లేరు. ఆ పెద్దాయన్ని తలుచుకునే దిక్కెవరే పాపం?”

“వాళ్ళకి ఇవన్నీ ఉండవు అమ్మమ్మా.”

“వాళ్ళకుండకపోతే మనకుంటయ్యిగా. ఒక గారె ముక్క ఎక్కువ పెడితే మన సొమ్మేం పోయిద్ది? ఇందులో ఏడి ఆయన, చూపించు.”

నేనే చూపించాను. ఫోల్డర్ లోంచి తీసింది కూడా నేనే. ఎడమ చివర, ఇదిగో అని వేలు పెట్టాను. అమ్మమ్మ ఉంగరం వేలు తడి కుంకుమలో అద్ది, నుదుట పెట్టినంత భక్తిగా పెట్టింది. ఆయన మొహం శనగగింజంత, అమ్మమ్మ బొట్టు అంతకంటే పెద్దది. మొహం మొత్తం ఎర్రగా అయిపోయింది. అమ్మమ్మ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది.

ఆవిడ కళ్ళు తెరిచేలోగా తుడిచేద్దామనుకున్నాను. టిష్యూ తడిపి రుద్దాను. ఎరుపు పక్కకు పాకింది. ఇంకా రుద్దాను. ఎరుపుతో పాటు పైపొర లేచి, సన్నగా మట్టి ఒత్తుల్లా చుట్టుకుని టిష్యూకు అంటింది. కింద తెల్ల అట్ట బయటపడింది. కాలర్ ఉంది, భుజాలున్నాయి, మోకాళ్ళ మీద చేతులున్నాయి. వాటి పైన ఏమీ లేదు.

“ఓసి నీ దుంపతెగ! ఏం చేశావే?” అంది అమ్మమ్మ. తర్వాత అది తను పెట్టిన బొట్టే అని గుర్తొచ్చి, “నేనేగా, నేనేగా చేసింది” అని తల కొట్టుకుంది. నేను టిష్యూ చూస్తూ కూర్చున్నాను. ఆయన మొహం అందులో ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక టాయిలెట్‌లో వేసి నీళ్ళు వదిలాను.

సాయంత్రం ఇంట్లో పెద్ద రభస. “అడగకుండా పరాయివాళ్ళ ఫోటోకి బొట్టేంటమ్మా? ఏమని చెప్పను ఆమెకి?” అని అమ్మ. “అద్దం లేదని నాకేం తెలుసే? మంచి చెయ్యబోతే ఇట్టా అయింది” అని అమ్మమ్మ. నాన్న కాసేపు విని, “దాచడం మంచిది కాదు. ఉన్నదున్నట్టు చెప్పి క్షమాపణ అడగాలి” అన్నారు. అమ్మమ్మ ముక్కు తుడుచుకుని లేచింది. “తప్పు చేసింది నేను, నేనే చెప్తా. పిల్ల ఇంగ్లీషులో చెప్పిద్ది.”

మర్నాడు బడి నుంచి రాగానే ఇద్దరం కిందికి దిగాం. అమ్మమ్మ ఉతికిన చీర కట్టుకుంది. గారెల గిన్నె ఆంటీ ఒళ్ళో పెట్టి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, ఏడుస్తూ గడగడా చెప్పేసింది. “అమ్మా, మీ నాయన్ని మా పెద్దల పక్కన పెట్టి బొట్టు పెట్టబోయాను. మొహం పోయింది. తెలియక చేసిన తప్పు. నాకు కూతురు లాంటిదానివి కాదు, అక్కలాంటిదానివి. తిట్టాలనుకుంటే తిట్టు.” అంతా చెప్పి నా వైపు చూసింది. “చెప్పవే.”

ఆంటీ కూడా నా వైపు తిరిగింది. “ఏమంటోంది, హెన్?”

బొట్టు పెట్టింది అమ్మమ్మ. అది అలాగే వదిలేస్తే కింద మొహం ఉండేదేమో. పోగొట్టింది నేను. అద్దం పగలగొట్టిందీ నేనే. అది ఆవిడకు తెలిస్తే రేపటి నుంచి నన్ను ఏం చూసి చెప్పమంటుంది? ఇదంతా అప్పుడు ఇంత వివరంగా ఆలోచించానని కాదు. నోరు దానంతటదే కదిలింది.

“ఫోటో చాలా బాగుందట. కొత్త ఫ్రేము శనివారం తెస్తారట.”

“దానికి ఏడుపెందుకు ఈవిడకి?”

“వాళ్ళ నాన్న గుర్తొచ్చాడట.”

ఆంటీ మొహం మారిపోయింది. గారెల గిన్నె పక్కన పెట్టి అమ్మమ్మను దగ్గరకు లాక్కుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టుకుని ఏడ్చారు. ఒకరు క్షమించారని, ఒకరు నాన్న కోసం. నేను ఎదురుగా నిలబడి గోడ గడియారం చూశాను. నాలుగుంబావు.

మెట్లెక్కుతూ అమ్మమ్మ, “దొరసానిది వెన్నపూస మనసే. ఒక్క మాటన్నా అనలా” అంది. ఇంట్లో కూడా అదే చెప్పింది. అమ్మా నాన్నా ఊపిరి పీల్చుకున్నారు. ఆ విషయం అంతటితో ముగిసిందని వాళ్ళ లెక్క. ఇంక మా ఇంట్లో ఎవరూ దాన్ని ఎత్తలేదు, ఆవిడకు మళ్ళీ గుర్తుచేసి బాధపెట్టడం ఎందుకని.

నాన్న మంచి ఫ్రేమే తెచ్చారు, మందపాటి అద్దంతో. రోజూ టీ అయ్యాక దాన్ని ఒళ్ళో పెట్టుకునేదాన్ని.

“ఎలా ఉన్నాడు, హెన్?”

“కోపంగా ఉన్నాడు ఆంటీ.”

తెల్ల మచ్చను చూస్తూ చెప్పేదాన్ని. మొదటి రెండు రోజులూ మిఠాయి వద్దన్నాను. తర్వాత అదీ లేదు. టాబ్లెట్ తినేదాన్ని.

ఫోన్‌లో చెప్పిన శనివారం, పుస్తకం రాసే పెద్దమనిషి వచ్చాడు. పొడుగ్గా, వంగిపోయి, మెడలో కెమెరా, చేతిలో ఫైళ్ళు. ఆంటీ ముత్యాల దండ వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కాసేపు మాట్లాడాక టీ పెడతానని లోపలికి వెళ్ళింది. ఆయన ఫ్రేము విప్పి ఫోటోను కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి భూతద్దం పెట్టాడు.

“అయ్యో, ఈ చివరాయన మొహం పోయింది,” అన్నాడు మెల్లగా. తన కాగితంలో చూసుకున్నాడు. “అంటే కుడి అంచున ఆడేవాడు. పాపం. నయం, మీ ఆంటీ వాళ్ళ నాన్న ఈ చివర ఉండాలి కదా. ఎడమ అంచు. ఈయనేనా?”

ఆయన వేలు కుడి చివరాయన మీద ఉంది. నవ్వు ఆపుకోలేని ఆ స్నేహితుడి మీద. వంటింట్లో కెటిల్ మరుగుతోంది. నేను తల ఊపాను. ఒక్కసారే ఊపాను. ఆయన పెన్సిల్‌తో రాసుకున్నాడు.

ఆంటీ ట్రే తెచ్చి పెట్టింది. “దొరికాడా మా నాన్న?”

“ఇట్టే దొరికాడు. అమ్మాయి చూపించింది. ఎంత చక్కగా నవ్వుతున్నాడండీ!”

ఆంటీ టీ పోస్తున్న చెయ్యి ఆగింది. “నవ్వుతున్నాడా?”

“నవ్వాపుకుంటున్నాడు. మొత్తం ఫోటోలో నవ్వింది ఈయనొక్కడే.”

ఆవిడ నా వైపు తిరిగింది. మసక మధ్యలో నా మొహం వెతికింది. ఇప్పుడు అడుగుతుంది, అడిగితే చెప్పేస్తాను అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

“నీకు కోపంలా కనిపించిందేమో, హెన్. చిన్నపిల్లవి. ఆయన భూతద్దం పెట్టి చూశాడుగా,” అంది. తర్వాత తనలో తను, “నవ్వింది ఆ స్నేహితుడనుకున్నా. నేనే తప్పుగా గుర్తుపెట్టుకున్నా” అంది.

అప్పుడు చెప్పలేదు. ఆ తర్వాత ఆవిడ ఎంత సంతోషపడిందంటే చెప్పడానికి దారే లేకుండా పోయింది. పాలబ్బాయికి చెప్పింది, నర్సుకు చెప్పింది, పక్కింటివాళ్ళకు చెప్పింది. మా నాన్న ఆ ఫోటోలో నవ్వుతున్నాడు, ఇన్నేళ్ళూ నేను ఆయన్ని కోపిష్ఠివాణ్ణి చేశాను అని. నన్ను రోజూ అడిగే ప్రశ్న కూడా మారింది. “ఇంకా నవ్వుతున్నాడా?” నవ్వుతున్నాడు ఆంటీ. ఆవిడ కళ్ళతో చూసిన నాన్నను, డెబ్బై యేళ్ళు దాచుకున్న ఆ ముడేసిన కనుబొమల్ని, ఆవిడ చేతే వదిలించాను. అంతకు ముందు పోయింది కాగితం మీది మొహం. ఇది ఆవిడ లోపలిది.

ఆరు నెలలు నిండాక అమ్మమ్మ గుంటూరు వెళ్ళిపోయింది. రెండువేల సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లేవీ ఆగలేదు, నాన్నకు రీడింగ్‌లో వేరే పని దొరికి మేమక్కడికి మారాం. ఆంటీని కేర్ హోమ్‌లో చేర్చారు. పుస్తకం వచ్చిందని కబురు పంపితే అమ్మా నేనూ వెళ్ళాం. అప్పటికి ఆవిడకు అంచులు కూడా కనిపించడం లేదు. పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“నా వేలు ఆయన మీద పెట్టు, హెన్.”

ఆ పేజీ తీశాను. కుడి చివరాయన కింద ఆంటీ వాళ్ళ నాన్న పేరు అచ్చయింది. ఎడమ చివర తెల్ల మచ్చ కింద ఆ స్నేహితుడి పేరు, పక్కన ‘మొహం చెడిపోయింది’ అని. ఆ స్నేహితుడికీ ఎక్కడో మనవలుంటారు. అది కూడా అప్పుడే తట్టింది. ఆవిడ వేలు తేలిగ్గా, ఎండుపుల్లలా ఉంది. దాన్ని ఏ చివర పెట్టినా కాగితం నున్నగా ఒక్కలాగే ఉంటుంది. ఎడమ చివర పెట్టినా ఆవిడకు తేడా తెలియదు, కనీసం వాళ్ళ నాన్న మీద ఉండేది. నేను కుడి చివర పెట్టాను. అమ్మ పక్కనుంచి చూస్తోంది, పేరు అక్కడుంది కదా. మేం పాడుచేసింది వేరెవరి మొహమో అని అమ్మ అనుకుని ఉంటుంది.

“అమ్మయ్య,” అంది ఆంటీ. వేలు చాలాసేపు తియ్యలేదు.

ఆంటీ ఆ చలికాలమే పోయింది. అమ్మ దోసెలు పోస్తూ చెప్పింది. నేను రెండు తిన్నాను. అమ్మ నా వంక చూసి, “ఏడవవేంటే, అంత దగ్గర కదా నీకు?” అంది. రాలేదు. ఫోన్ కార్డు గీకి గుంటూరుకు చేస్తే అమ్మమ్మ ఏడ్చిన ఏడుపు పక్కగదిలోకి వినిపించింది. “నా తప్పు మనసులో పెట్టుకోకుండా కడుపులో దాచుకుంది మహాతల్లి” అని. అమ్మమ్మ కూడా పోయి ఎనిమిదేళ్ళయింది. ఆవిడకూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ ఫోటో ఇంటర్నెట్‌లో ఉంది. ఆయన పేరు కొడితే ఆ నవ్వే మనిషి వస్తాడు. రెండేళ్ళ కిందట ఎందుకో బుద్ధి పుట్టి జట్టువాళ్ళకు ఉత్తరం రాశాను. మీరు వేసిన మొహం ఆయనది కాదు, ఎడమ చివర తెల్ల మచ్చ ఆయన, తప్పు నాది, అప్పుడు నాకు పదేళ్ళు అని. వారంలో జవాబొచ్చింది. చాలా మర్యాదగా రాశారు. ఆయన మొహం తెలిసే వేరే ఫోటో ఏదైనా ఉందా అని అడిగారు. లేకపోతే, అసలు ఫోటో చూసినవాళ్ళు ఆయన ఎలా ఉండేవాడో నాలుగు మాటలు రాసి పంపినా చేరుస్తామన్నారు.

చూసినవాళ్ళలో బతికున్నది నేనొక్కదాన్ని. రాద్దామని కూర్చున్నాను. ‘కనుబొమలు ముడేసుకుని ఉంటాడు’ అని మొదలుపెట్టాను. అది కళ్ళకు కనిపించి రాసింది కాదు, రోజూ చెప్పిన మాట కాబట్టి చేతికి వచ్చింది. మరి ముక్కు? చెవులు? మీసం ఉందా, లేదా? కళ్ళు మూసుకున్నాను. ఒళ్ళో ఫ్రేము బరువు తెలిసింది, కాలర్ కనిపించింది, భుజాలు కనిపించాయి. వాటి పైకి వచ్చేసరికి కుడి చివరాయన వచ్చి కూర్చుంటున్నాడు, నవ్వాపుకుంటూ. ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. వాళ్ళకు ఇంకా జవాబు రాయలేదు.